విడుపు లేని మోకాలు

మా అత్తవారింట్లో నడిమింటి గోడకు ఒక కొయ్య ఉండేది. మా ఆయన మోకు, ముస్తాదు దానికే వేలాడేవి. మోకు అంటే తాటిచెట్టు ఎక్కేటప్పుడు చెట్టునూ నడుమునూ కలిపి వేసుకునే తాడు. ముస్తాదు అంటే గీత కత్తి, లొట్లు అనే కల్లు కుండలు తగిలించుకునే నడుం పట్టీ. వాటిని ఆడవాళ్లు ముట్టకూడదు. నేను కాపురానికి వచ్చిన రోజునే మా మామ ఆ కొయ్య చూపించి చెప్పాడు.

"కోడలా, ఈ ఇంట్ల అన్నీ నీయే. గా కొయ్య మీదియి మాత్రం నీయి గావు."

కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టి గౌండ్ల ఇంటికే వచ్చినదాన్ని, నాకు తెలియని సంగతా? ఇల్లు ఊడ్చేటప్పుడు ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి చీపురు పక్కకు తిప్పేదాన్ని. పొరపాటున కొంగు తగిలినా మామ దగ్గేవాడు. నా చేతులు ఏనాడూ ఆ తాడు జోలికి పోలేదు. నా నోరు మాత్రం రోజూ పోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి మా వాడ మంచిదైన రోజు ఒక్కటీ లేదు.

ఇది యాభైల చివరి మాట. మా ఊరు పాశమైలారం దిక్కున ఉండేది. ఇప్పుడు ఆ దిక్కుకు పోతే కంపెనీల గోడలు, గొట్టాలు, హిందీ మాట్లాడే పిల్లలు. అప్పుడు చెరువు దాటగానే తాళ్లు, అంటే తాటిచెట్లు, వాటి వెనక పల్లంలో ఈదులు, అంటే ఈతచెట్లు. పొద్దున ఆ తాళ్లలో నిలబడితే పైనుంచి ఒకరినొకరు పిలుచుకునే కేకలు వినబడేవి. మనిషి కనబడడు, కేక వినబడుతుంది. ఆ కేక వచ్చిందంటే ఆ ఇంటి ఆడదానికి పొయ్యి రాజేసే ధైర్యం వచ్చేది.

మా ఆయన ముందటి వానాకాలంలో తడిసిన చెట్టు మీద జారాడు. కింద పడలేదు, మోకు ఆపింది. కానీ కుడి మోకాలు చెట్టుకు గట్టిగా కొట్టుకుంది. తోలు మానింది, లోపల మానలేదు. ఎక్కువ చెట్లు ఎక్కిన రోజు సాయంత్రానికి మోకాలు కుండలా ఉబ్బేది. వాయిలాకు ఉడకబెట్టి కాపడం పెట్టాను. పసుపు, సున్నం కలిపి పట్టించాను. దిష్టి తీశాను. శివరాత్రి నాటికి ఆయన గొంతుక్కూర్చుని అన్నం తినలేక గోడకు ఆనుకుని కాలు చాపుకుని తినే స్థితికి వచ్చాడు.

గౌండ్లవాడికి మోకాలంటే ఏమిటో చెట్టెక్కనివాళ్లకు చెప్పడం కష్టం. నడుము మోకు మీద ఆనించి ఎంతసేపైనా ఉండవచ్చు. కానీ మోకును పైకి జరపాలన్నా, కిందికి దించాలన్నా ఒక్క క్షణం బరువంతా కాళ్ల మీదికి రావాలి. ఆ ఒక్క క్షణం మోకాళ్లు మనిషిని మోయాలి. చెట్టు మొదలు నుంచి మొవ్వు దాకా అలాంటి క్షణాలే. అందుకే ఆయన చెట్టెక్కిన ప్రతిసారీ నా పానం ఆయన మోకాలి చిప్పలో ఉండేది.

చివరికి నేనే బలవంతంగా సంగారెడ్డి పెద్ద దవాఖానాకు తీసుకుపోయాను. ఊరి నుంచి బొంబాయి సడక్ దాకా బండి, అక్కడి నుంచి బస్సు. దారి పొడవునా ఆయన నన్ను తిడుతూనే ఉన్నాడు, చెట్లు ఎండిపోతాయని. తాటిగెలను రోజూ పలచగా చెక్కుతుండాలి. చెక్కడం మానితే దాని మూతి ఎండి మూసుకుపోతుంది, ఇక ఆ గెల ఆ ఏడు చుక్క రాల్చదు. మనిషికి జ్వరమొచ్చినా, ఇంట్లో చావైనా గెల ఆగదు. ఆ పూట ఆయన చెట్లు మా బావ, అంటే ఆయన అన్న, గీశాడు కాబట్టి సరిపోయింది.

దవాఖానాలో డాక్టర్ సాబు నెరిసిన గడ్డంతో ఉన్న ముస్లిం పెద్దాయన. తెలుగులో ఉర్దూ కలిపి మెల్లగా మాట్లాడేవాడు. మోకాలిని అటూ ఇటూ నొక్కి చూసి, ఉడుకు నీళ్లలోంచి తీసిన లావు సూదితో పక్కనుంచి గుచ్చాడు. గాజు గొట్టంలోకి నీరు లాగాడు. లేత పసుపు రంగు, కొంచెం జిగట. గొట్టం నిండింది, మళ్లీ నిండింది. మా ఆయన పళ్లు బిగపట్టి ఆ గొట్టాన్నే చూస్తున్నాడు. తర్వాత అదే సూదిలోంచి సాబు ఒక చిన్న సీసాలోని తెల్లటి మందును మోకాలి లోపలికి ఎక్కించాడు. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన సీమ మందట.

చేతులు కడుక్కుంటూ నాతో చెప్పాడు. మా ఆయనతో ఎందుకు చెప్పలేదో, నా మొహంలో ఏం చూశాడో తెలియదు.

"దేఖో అమ్మా. మోకాలు లోపల బొక్కల కొసలకు మెత్తబొక్క ఉంటది. మేము కుర్రీ హడ్డీ అంటం. యాట కాలు వండినప్పుడు చూసినవ్ గదా, తెల్లగ, నున్నగ? గదే. దాని చుట్టూ పల్చటి పొర ఒకటి. ఆ పొరల నుంచి జెరంత నీళ్లు ఊరుతయి, బండి ఇరుసుకు చమురు లెక్క. ఇప్పుడు గా పొర గుస్సల, కోపంల ఉన్నది. అందుకే ఇన్ని నీళ్లు ఒదులుతున్నది. ఈ మందు దాని గుస్స తగ్గిస్తది."

"ఇగ బాగైతదా సాబ్?" అన్నాను.

"పొరకు మంచిదే. మెత్తబొక్కకు ఏం చేస్తదో మాకే పూరా తెల్వదు. కొత్త మందు. ఒకటి పెడితే ఫికర్ లేదు. మాటిమాటికి పెడితే ఆ మెత్తబొక్క నానిన అట్ట లెక్క అయితదని కొందరు అంటున్నరు. అమాస దాక చెట్టెక్కొద్దు. నొప్పి లేకున్నా ఎక్కొద్దు. నొప్పి పోయిందంటే మోకాలు బాగైందని గాదు, సమజైందా? మళ్ల నా దగ్గరికే రావాలె. ఇంకెక్కడా సూది తీసుకోవద్దు."

నాకు సమజైంది. మా ఆయన చెవులు అక్కడ లేవు. ఆయన కళ్లు ఇంకా ఆ గాజు గొట్టం మీదే ఉన్నాయి.

బస్సులో నా చెవి దగ్గరికి వంగి అన్నాడు. "సూసినవా? ఈదుకల్లు లెక్కనే ఉన్నది."

"కల్లు గాదు, రోగం," అన్నాను.

"గుచ్చంగనే ఎట్ల పారింది సూడు," అన్నాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన మోకాళ్లు మడిచి కూర్చోవడం చూశాను. లేచాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు, నా వైపు చూసి నవ్వాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధం ఎందుకు, ఆ రోజు ఆ డాక్టర్ సాబు పేరున ఎల్లమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్నాను.

అమావాస్య దాకా ఆగాలి కదా. వారం తిరగలేదు, మోకు కొయ్య మీద లేదు.

నేను తాళ్లలోకి ఉరికేసరికి ఆయన చెట్టు మీద ఉన్నాడు. పైనుంచి కేక వేశాడు, నన్ను ఉడికించడానికే. కింద మా మామ కూర్చుని లొట్టికి సున్నం పూస్తున్నాడు. చూపు సగం పోయిన మనిషి, చేతులకు మాత్రం కళ్లున్నాయి. నేను ఆయన మీద పడ్డాను.

"డాక్టర్ సాబు అమాస దాక వద్దన్నడు మామా. నువ్వన్న చెప్పరాదా?"

"గాయిన చెట్టెక్కిండా కోడలా?" అన్నాడు మామ చల్లగా. "గెల చెక్కుతేనే గదా పారేది. ఇడిసిపెడితే మూతి మూసుకుంటది. మనిషి పెయ్యి గూడ గంతే. సూది గుచ్చిండు, చెడు నీళ్లు పోయినయి. ఇగ మంచి నీళ్లు ఊరుతయి. మళ్ల మూసుకున్నదనుకో, మళ్ల గుచ్చుతె పారుతది."

అప్పుడు అర్థమైంది, బస్సులో మా ఆయన అన్న మాటకు అర్థమేమిటో. తండ్రీకొడుకులు ఆ మోకాలిని గెల కింద లెక్కగట్టారు. చెక్కితే ఊరేది, ఆపితే ఎండేది. పుట్టినప్పటి నుంచి చెట్టును చూసినవాళ్లకు ఒంట్లోంచి లేతపసుపు నీరు కారితే ఇంకేం తోస్తుంది? డాక్టరు లాగింది రోగపు నీరని, ఎక్కించింది వేరే మందని, ఆ రెంటికీ పొత్తు లేదని నేను ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కల్లు తాగే మండువలో కూర్చున్నవాళ్లకు నేనొక వినోదమైపోయాను. "డాక్టరమ్మ వచ్చింది, నాడి సూపెట్టుండ్రి," అని చేతులు చాపేవారు. "నాడి ఎందుకు, నాలిక సూపెట్టు, కోస్త," అనేదాన్ని.

నిజానికి నేను చేయగలిగింది ఒకటుంది. ఆ మోకును ఎక్కడన్నా దాచిపెడితే సరిపోయేది. పొయ్యిలో పెడితే ఇంకా బాగుండేది. ఎన్నిసార్లు ఆ కొయ్య ముందు నిలబడ్డానో! ముట్టరాదు. నేను ముట్టుకున్నాక ఆయన చెట్టెక్కి పడితే? వద్దన్న పనికి శిక్ష ఆయనకు పడితే? ఆ భయం డాక్టరు చెప్పిన భయం కన్నా పెద్దది. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేసేదాన్ని.

ఎండలు ముదిరాయి. తాళ్లు బాగా పారే కాలం. ఆయన నడక బాగానే ఉంది. అదే నాకు అనుమానం. మోకాలు ఒకరోజు ఉబ్బినట్టు కనబడేది, పటాన్‌చెరు అంగడికి పోయి వచ్చిన మర్నాటికి మళ్లీ సన్నగా ఉండేది. అంగడికి పోయేటప్పుడు కుంటేవాడు, వచ్చేటప్పుడు కుంటేవాడు కాదు. అంగట్లో కూరగాయలు దొరుకుతాయి, మోకాళ్లు దొరకవు కదా.

ఒక సాయంత్రం ఆముదం వెచ్చజేసి ఆయన కాలికి రాస్తున్నాను. దీపం దగ్గర పెట్టి చూస్తే మోకాలి చిప్పకు అటూ ఇటూ సూది గాట్లు. కొన్ని మానినవి, ఒకటి పచ్చిది. అరచేయి చిప్ప మీద పెట్టి కాలు మెల్లగా వంచాను. లోపల గరగరమంది. చేటలో రాళ్లు కదిలినట్టు. మా పెద్ద మేకకు ముసలితనంలో కాళ్లు అట్లా అరిచేవి. మా ఆయనకు అప్పటికి ముప్పై కూడా నిండలేదు, మా కొడుకు ఇంకా చంటివాడు.

"ఎవడు గుచ్చిండు?"

"ఎవడో ఒకడు. నొప్పి లేదు గదా, నీకెందుకు?"

పటాన్‌చెరు అంగడి పక్క కిరాయి గదిలో ఒకాయన ఉండేవాడట, మిలిటరీ దవాఖానాలో పనిచేశానని చెప్పుకునేవాడు. దగ్గుకూ సూదే, నడుం నొప్పికీ సూదే. చెట్టెక్కే పని అని చెబితే ఎప్పుడంటే అప్పుడు మోకాలిలో అదే సీమ మందు పెట్టేవాడు. ఎక్కొద్దనీ అనలేదు, ఆగమనీ అనలేదు. అడిగింది ఇచ్చేవాడే మంచివాడు కదా లోకంలో.

ఆ పొద్దు మా ఇంట్లో జరిగిన పోట్లాట మా వాడంతా విన్నది. పక్కింటి నుంచి మా బావ కూడా వచ్చి గడపలో నిలబడ్డాడు. మా ఆయన తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు.

"మూసుకుంటే గుచ్చాలె. గుచ్చితే పారుతది. చెట్టుకు తెలిసింది నీకు తెల్వదు," అన్నాడు.

అంతవరకు అరుస్తున్నదాన్ని ఆ మాటతో ఆగాను. నాకు అప్పుడే తట్టింది.

"సరే. నీ మోకాలు చెట్టే అనుకుందాం. ఈదును ఎట్ల గీస్తవు?"

"ఎట్ల గీస్తరు? మెడ కాడ చెక్కి గీస్తరు."

"ఏటేటా గీస్తవా?"

ఈతచెట్టును ఒక ఏడు గీస్తే ఒక ఏడు విడిచిపెట్టాలి. దాన్ని విడుపు అంటారు. విడుపు లేకుండా గీస్తే మెడ సన్నబడిపోతుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, కల్లు పారుతూనే ఉంటుంది, ఒకరోజు గాలికి తల విరిగి కింద పడుతుంది. పల్లంలో అట్లా మెడ విరిగిన ఈత మొండెం ఒకటి ఉంది. మా వాడలో పిల్లలకు కూడా తెలుసు.

"గీస్తే పారుతదన్నప్పుడు మోకాలు చెట్టు. విడుపియ్యమంటే మోకాలు చెట్టు గాదా? గా పల్లంల మొండెం ఎట్లయింది? ఎవడు గీసిండు దాన్ని గంత ఆశకు?"

అరుగు మీద కూర్చున్న మామ దగ్గాడు.

"నేనే," అన్నాడు. "నీ మొగడు పుట్టిన ఏడు. ఇంట్ల బాలింత ఉన్నదని విడుపియ్యలే. మస్తు పారింది కోడలా. పారుతుంటే ఇగ ఆగబుద్ధి గాలే."

మామ చేతికర్ర తడుముకుని లేచి కొడుకు దిక్కు తిరిగాడు. "బిడ్డా, విడుపియ్యి," అన్నాడు.

తండ్రి మాట అంటే మాటే. మా ఆయన తల ఊపాడు. కానీ ఒక్కటి అడిగాడు. వచ్చే వారమే ఎల్లమ్మ పండుగ. ఆ రోజు గుడి ముందు సాక పోస్తారు. సాక అంటే అమ్మవారికి ధారగా పోసే కల్లు. ఏ ఇంటి సాక ఆ ఇంటి మగవాడే తన చెట్టు నుంచి దించాలి. పక్కింటివాడు దించిన కల్లు పోస్తే ఆ ఏడు ఆ ఇంటికి అమ్మ లేనట్టే. "సాక దించి విడిచిపెడ్త. అమాస గాదు, దసరా దాక ఎక్కనే ఎక్క," అన్నాడు. మామ ఒప్పుకున్నాడు. బావ ఒప్పుకున్నాడు. నేనూ ఎల్లమ్మ బిడ్డనే, ఏమనగలను?

పండుగ ముందు రోజు ఆయన పటాన్‌చెరు పోయాడు. ఎందుకు పోతున్నాడో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు నాకు తెలుసని. వచ్చేటప్పుడు ఆయన నడక పెండ్లినాటి నడకలాగా ఉంది.

పండుగ పొద్దున తలంటు పోసుకుని, పసుపు రాసిన కొత్త ఇత్తడి చెంబు పట్టుకుని నేను చెట్టు కింద నిలబడ్డాను. సాక చెంబులోకి దించాలి. పక్కన మామ. కొంచెం దూరంలో బావ తన చెట్టు నుంచి అప్పుడే దిగి లొట్టి వంచుతున్నాడు. మా ఆయన మోకు వేసుకుని చెట్టుకు మొక్కి ఎక్కాడు. నేను ఆయన్ను చూడలేదు, ఆయన కుడి మోకాలినే చూశాను. బాగానే వంగింది. మొవ్వు దాకా బాగానే పోయాడు. కత్తి చప్పుడు వినబడింది. కేక వేశాడు. మామ నవ్వాడు.

దిగడం మొదలుపెట్టాడు. ఒకసారి మోకు దించాడు. రెండోసారి దించబోయి ఆగాడు.

ఆగినవాడు ఆగినట్టే ఉన్నాడు.

"ఏమైంది?" అన్నాను.

ఆయన నడుము మోకు మీద వాలి ఉంది. ఎడమ కాలు చెట్టును పట్టుకుని ఉంది. కుడి కాలు చెట్టు నుంచి జారి పక్కకు వేలాడుతోంది. చేత్తో దాన్ని ఎత్తి చెట్టుకు ఆనించుకున్నాడు. మళ్లీ జారింది.

"నొప్పి వస్తున్నదా?" అని అరిచాను.

"లేదే," అన్నాడు. ఆ గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. "నొప్పి లేదు. కాలు నా మాట వింటలేదు."

నా చేతిలో చెంబు ఎప్పుడు పడిందో తెలియదు. మోకు మీద వాలి ఉన్నంతసేపు పడడు, అది నాకు తెలుసు. కానీ దిగాలంటే ఒక్క క్షణం కాళ్ల మీద నిలబడాలి. నిలబడడానికి ఒక కాలే ఉంది. ఎండ ఆయన మొహం మీద పడుతోంది. మూడుసార్లు మోకు జరపబోయాడు, మూడుసార్లూ ఒళ్లు ఒక పక్కకు తిరిగింది. ఇంకోసారి జరపబోతే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టింది. నేను చెట్టును రెండు చేతులతో పట్టుకున్నాను, నేను పట్టుకుంటే ఆగేట్టు.

"కదలకు!" మామ అరిచాడు. ఆ ముసలి గొంతులో అంత కేక ఉందని ఎవరికి తెలుసు. "బిడ్డా, మోకు మీదనే వాలు. కదలకు. అన్న వస్తున్నడు."

బావ లొట్టి అక్కడే పడేసి ఉరికి వచ్చాడు. తన మోకు అదే చెట్టుకు వేసి ఎక్కాడు. ఒక చెట్టు మీద ఇద్దరు ఎక్కరు, అది ఆనవాయితీ కాదు. ఆ రోజు ఆనవాయితీ మాట ఎవరూ ఎత్తలేదు. బావ తమ్ముడి కింది దాకా పోయి, వేలాడుతున్న కాలిని తీసి తన భుజం మీద పెట్టుకున్నాడు.

"నా మీద నిలబడు," అన్నాడు. "నిలబడి మోకు దించు."

మా ఆయన అన్న భుజం మీద బరువు పెట్టి మోకు జానెడు దించాడు. బావ జానెడు దిగాడు. మళ్లీ భుజం, మళ్లీ జానెడు. మామ కింద నుంచి "మెల్లగ, మెల్లగ" అంటూనే ఉన్నాడు, ఆయనకు పైన ఏమీ కనబడకపోయినా. నాకు ఎల్లమ్మ తప్ప ఇంకో పేరు నోటికి రాలేదు. గుడి దగ్గర డప్పులు మొదలయ్యాయి. మా ఇంటి సాక ఆయన నడుముకు వేలాడే లొట్టిలోనే ఉండిపోయింది.

కింద కాలు మోపాక కూడా మా ఆయన మోకు విప్పుకోలేదు. చెట్టుకు ఆనుకుని నిలబడి, మోకాలిని రెండు చేతులతో పట్టుకుని, దాన్ని పరాయివాడి కాలును చూసినట్టు చూశాడు. బావ భుజం మీద తోలు లేచి నెత్తురు కారుతోంది. నేను మా ఆయన్ను కొట్టాను. అందరి ముందూ, వీపు మీద, రెండు చేతులతో. తర్వాత ఆయన్నే పట్టుకుని ఏడ్చాను.

సంగారెడ్డి డాక్టర్ సాబు మోకాలు వంచి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఎన్ని సూదులని అడిగాడు. మా ఆయన వేళ్ల మీద లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాడు. సాబుకు కోపం వచ్చింది, ఉర్దూలో ఏదో అన్నాడు. కాసేపటికి స్టూలు మీద కూర్చున్నాడు.

"వాపు లేదు. నీళ్లు లేవు. పొర సల్లగనే ఉన్నది," అన్నాడు. "మెత్తబొక్క అరిగిపోయింది. బొక్క మీద బొక్క నడుస్తున్నది. అరిగిన మెత్తబొక్క మళ్ల మొలవదు అమ్మా. దసరా దాక ఆగినా, పదేండ్లు ఆగినా మొలవదు."

విడుపిస్తే ఈత మళ్లీ పుంజుకుంటుంది. మోకాలు చెట్టు కాదు. నేను గెలిచిన వాదన కూడా తప్పేనని ఆ దవాఖానాలో తెలిసింది.

"ఒక్క సూది పెట్టుండ్రి సాబ్," అన్నాడు మా ఆయన. "ఈ ఎండకాలం ఎల్లదీస్త."

సాబు ఆయన దిక్కు చూడలేదు, నా దిక్కు చూశాడు. "మొదటిది పెట్టింది నేనే," అన్నాడు మెల్లగా. నేను వద్దన్నట్టు తల ఊపాను. సూది పెట్టొద్దని ఊపానో, సాబు తప్పు కాదని ఊపానో నాకే తెలియదు. తర్వాత చాలా ఏళ్లు నేను పటాన్‌చెరులో ఒక దవాఖానాలో ఆయాగా చేశాను. చదవడం, రాయడం అక్కడే నేర్చుకున్నాను. అదే రకం సూదితో మంచం దిగి నడిచినవాళ్లను ఎంతమందినో చూశాను. మందు మీద నాకు కోపం లేదు. నొప్పి తెలియకుండా చెట్టెక్కించినవాడి మీద మాత్రం ఈ రోజుకీ ఉంది.

చెట్లు ఆగవు కదా. దవాఖానా నుంచి వచ్చిన మర్నాడే మా ఆయన చెట్లు బావకు అప్పగించాలని మామ నిర్ణయించాడు. చెట్లతో పాటు మోకు, ముస్తాదు కూడా ఇవ్వాలి. అది మా రివాజు. ఎవరి మోకు వాళ్లే తీసి ఇవ్వాలి, లేకపోతే కొడుకు తీసి ఇవ్వాలి. మా కొడుకు ఇంకా పాకుతున్నాడు. బావ స్నానం చేసి వచ్చి గడప బయట నిలబడ్డాడు, భుజానికి పసుపు గుడ్డ కట్టుకుని. మామ అరుగు మీద ఉన్నాడు. మా ఆయన నడిమింట్లో చాప మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కొయ్య ఆయన నెత్తి మీదే ఉంది, లేస్తే అందుతుంది. రెండుసార్లు గోడ పట్టుకుని లేవబోయాడు. నేను సాయం పోతే చేయి అడ్డం పెట్టాడు. మళ్లీ కూర్చున్నాడు.

"నువ్వే తియ్యి," అన్నాడు.

నాకు వినబడింది. అయినా అడిగాను. "నేనా?"

"ఆఁ. నువ్వే. ఇగ ఏమైతది?"

మామ వైపు చూశాను. దగ్గుతాడేమోనని చూశాను. దగ్గలేదు.

ఆ తాడు కోసం నేను ఎన్నిసార్లు ఆ గోడ ముందు నిలబడ్డాను! దాన్ని అక్కడి నుంచి తీసేయాలని ఎన్ని మొక్కులు మొక్కాను! ఇప్పుడు తీయమంటుంటే చేతులు లేవడం లేదు. నేను ముట్టుకోవచ్చంటే ఆయన ఇక గౌండ్ల పని చేసేవాడు కాడని అర్థం. కొంగుకు చేతులు తుడుచుకుని మోకు, ముస్తాదు ఎత్తి పట్టుకున్నాను. అనుకున్నదానికన్నా చాలా బరువు. నడుముకు ఆనే చోట మోకు ఆయన చెమటకు నల్లబడి, నున్నగా ఉంది. గడప దాకా మోసుకుపోయి బావ చేతుల్లో పెట్టాను.

వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తాళ్లలోంచి ఎవరో కేక వేశారు. ఆయన తల ఎత్తాడు, బదులు కేక వేయడానికి. వేయలేదు.